పర్యావరణ నిర్ణయాల్లో శాస్త్రానికి చోటెక్కడ?

గాలి, నీరు, అడవి, సముద్రం గురించి ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాల్లో శాస్త్రీయ ఆధారాలకు ఎంత విలువ దక్కుతోంది, అది పెరగాలంటే ఏం చేయాలి అన్న విషయంపై ప్రశ్నలు పంపమని గత సంచికలో పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఆవేదన కనిపించింది: నివేదికలు వస్తాయి, బీరువాల్లోకి చేరతాయి, నిర్ణయం మాత్రం ఇంకెక్కడో జరిగిపోతుంది. ఆ ఆవేదన అకారణమైనది కాదు. అయితే పాలకులకు శాస్త్రవేత్తల మాట వినే మంచి బుద్ధి కలగాలని కోరుకుంటూ కూర్చోవడం కంటే, వినక తప్పని ఏర్పాట్లు ఎక్కడ ఉన్నాయి, అవి ఎలా పనిచేశాయి, ఎక్కడ బెడిసికొట్టాయి అని చూడటమే మేలని మా అభిప్రాయం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కాలుష్యం ఎంతవరకు ఉండవచ్చో శాస్త్రవేత్తలకే తెలుసు కదా. వారు చెప్పిన అంకెను యథాతథంగా చట్టం చేస్తే పోయేదానికి మంత్రులు, కమిటీలు, చర్చలు ఎందుకు? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మీరు కోరుతున్నంత సూటి అంకె శాస్త్రం దగ్గర అరుదుగా దొరుకుతుంది. గాలిలోని సన్నని ధూళికణాలనే తీసుకోండి. రెండున్నర మైక్రాన్లకు మించని ఈ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరి గుండె జబ్బులకు, పక్షవాతానికి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతాయని దశాబ్దాల పరిశోధన తేల్చింది. కానీ ఫలానా అంకెకు దిగువన ఎవరికీ ఏ హానీ లేదని చెప్పగల గీత మాత్రం ఇంతవరకు బయటపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఘనపు మీటరు గాలికి 10 మైక్రోగ్రాముల వార్షిక సగటును మార్గదర్శకంగా సూచించి, తర్వాత వచ్చిన ఆధారాలను చూసి 2021లో దాన్ని 5కు తగ్గించింది. అమెరికా 2024లో తన ప్రమాణాన్ని 12 నుంచి 9కి దించింది. ఇప్పుడు 25గా ఉన్న పరిమితిని 2030 నాటికి 10కి తేవాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసుకుంది. భారతదేశం 2009లో నిర్ణయించుకున్న ప్రమాణం 40. వీరందరి ముందూ ఉన్నవి దాదాపు అవే పరిశోధనలు.

అంకెల్లో ఈ తేడా శాస్త్రం వల్ల వచ్చింది కాదు. ఎంత ఖర్చు భరించగలం, ఎంత వేగంగా మారగలం, మిగిలిపోయే ముప్పును ఎవరి మీద మోపుతాం అన్న ప్రశ్నలకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పుకుంది. ఆ జవాబు ప్రజలకు బాధ్యత వహించేవారు చెప్పవలసిందే, ప్రయోగశాల చెప్పకూడదు. అసలు మోసం మరోచోట ఉంది: ఖర్చు చూసి ఎంచుకున్న అంకెను ‘నిపుణులు సురక్షితమని తేల్చారు’ అంటూ ప్రకటించడం. అందుకే ఏ ప్రమాణం ప్రకటించినా, ఆధారాలు ఏం చెబుతున్నాయన్నది ఒక పత్రంగానూ, వాటిని దృష్టిలో పెట్టుకుని ఈ అంకెనే ఎందుకు ఎంచుకున్నామన్నది ఇంకో పత్రంగానూ విడివిడిగా వెలువడాలి. రెండూ ఒకే పేరాలో కలిసిపోయిన చోట పాఠకుడు అనుమానించడంలో తప్పు లేదు.

ప్రశ్న: శాస్త్రీయ సలహాను తప్పనిసరిగా పరిగణించాలని చట్టంలోనే రాస్తే ఫలితం ఉంటుందా? అలా రాసిన ఉదాహరణ ఏదైనా ఉందా? – న్యాయశాస్త్ర విద్యార్థిని

జవాబు: ఉంది, దాని ఫలితాన్ని ఆకాశంలోనే కొలిచి చూసుకోవచ్చు. రిఫ్రిజిరేటర్లలో, స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు పైవాతావరణానికి చేరి ఓజోన్‌ను ధ్వంసం చేయగలవని మారియో మోలినా, షెర్వుడ్ రోలాండ్ 1974లో లెక్కగట్టి చెప్పారు. అప్పటికది సిద్ధాంతం మాత్రమే. 1985 మే నెలలో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హేలీ కేంద్రం కొలతలను ప్రచురించారు. అక్కడ 1950ల చివరి నుంచి ఏటా ఒకే రకం పరికరంతో, ఒకే పద్ధతిలో ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. ఒకప్పుడు అక్టోబరు సగటు 300 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉండేది, 1984 నాటికి 200కు దిగువకు పడిపోయింది. ఉపగ్రహం కూడా ఆ తక్కువ అంకెలను నమోదు చేసింది కానీ, అవి మరీ తక్కువగా ఉండటంతో కంప్యూటరు వాటికి అనుమానాస్పదమని గుర్తు పెట్టి పక్కన ఉంచింది. మంచులో నిలబడి పాత పరికరంతో తీసిన కొలతే ముందుగా లోకానికి తెలిసింది.

రెండేళ్లకే, 1987 సెప్టెంబరు 16న, ఓజోన్ పొరను కాపాడేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. దాని మొదటి రూపం మరీ మెతకైనది, క్లోరోఫ్లోరోకార్బన్ల వాడకాన్ని దశలవారీగా సగానికి తగ్గించమని మాత్రమే కోరింది. అయితే ఒప్పందంలోని ఆరో అధికరణం, 1990లో మొదలుపెట్టి కనీసం నాలుగేళ్లకొకసారి, అందుబాటులో ఉన్న శాస్త్రీయ, పర్యావరణ, సాంకేతిక, ఆర్థిక సమాచారం ఆధారంగా ఈ నియంత్రణ చర్యలు సరిపోతున్నాయా లేదా అని సభ్యదేశాలు మదింపు వేయాలనీ, అందుకు నిపుణుల బృందాలను నియమించాలనీ ఆదేశించింది. న్యాయశాస్త్రం చదువుతున్న మీరు ఒప్పందంలో మిగతా అధికరణాలన్నీ వదిలేసినా దీన్ని తప్పక చదవండి. మదింపు వచ్చిన ప్రతిసారీ కొత్త ఆధారాలకు మొహం చాటేసే వీలు దేశాలకు లేకపోయింది. 1990లో లండన్ సమావేశంలో సగం కోత పోయి పూర్తి నిషేధం వచ్చింది, 1992లో కోపెన్‌హాగన్ సమావేశంలో ఆ నిషేధం గడువును ఇంకా దగ్గరకు తెచ్చారు. అన్ని దేశాలూ చేరిన ఈ ఒప్పందం వల్ల ఓజోన్ పొర ప్రపంచంలో చాలా భాగంలో 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని 2023లో వెలువడిన మదింపు అంచనా వేసింది.

‘శాస్త్రీయ సలహాను పరిగణించవలెను’ అనే వాక్యం ఒక్కటే చట్టంలో ఉంటే దానికి విలువ స్వల్పం. పరిగణించాం అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకోవచ్చు. ఎవరు మదింపు వేయాలి, ఎన్నేళ్లకు వేయాలి, దాన్ని ఎవరి ముందు పెట్టాలి అన్నది కూడా రాసినప్పుడే ఆ వాక్యానికి పళ్లు వస్తాయి.

ప్రశ్న: ప్రాజెక్టు పెట్టే సంస్థే డబ్బిచ్చి పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయించుకుంటుంది. అలాంటి నివేదికను నమ్మాలా? పరిశ్రమల డబ్బు తాకిన శాస్త్రాన్ని పూర్తిగా పక్కన పెట్టడమే న్యాయం కాదా? – ఒక గృహిణి

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యమే, కానీ ఆ డబ్బు ఇచ్చినవాడికి ప్రశ్నను ఎంచుకునే అధికారం, ఫలితాన్ని దాచే అధికారం ఉన్నాయా అన్నది అంతకన్నా ముఖ్యం. ఈ రెండు రకాలకూ చెరో ఉదాహరణ చెబుతాం.

ఇంజిన్లు టకటకలాడకుండా ఉండేందుకు 1920లలో పెట్రోలులో సీసం కలపడం మొదలైంది. దాని వల్ల ఆరోగ్యానికి ముప్పు ఉందా అన్న పరిశోధన ఆ తర్వాత సుమారు 40 ఏళ్ల పాటు ప్రధానంగా సీసం, మోటారు పరిశ్రమల డబ్బుతోనే సాగింది. ఆ పరిశోధనకు పెద్దగా వ్యవహరించిన రాబర్ట్ కీహో వాదన ఇది: సీసం మనిషి ఒంట్లో సహజంగానే ఉంటుంది, ఒక మోతాదు వరకు శరీరం దాన్ని విసర్జించుకుంటుంది, హాని ఉందని రుజువు చేస్తే మానేద్దాం. రుజువు వెతికే ప్రయోగశాల మాత్రం పరిశ్రమ చేతిలోనే ఉంది! పైగా ‘సీసం సోకనివారు’గా పోలిక కోసం ఎంచుకున్న మనుషుల ఒంట్లోనూ సీసం ఉండటంతో, అది అందరిలోనూ ఉండేదే అన్న నమ్మకం బలపడింది. దీన్ని కదిలించినవాడు వైద్యుడు కాదు, భూమి వయసును లెక్కగట్టిన భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్. తన రాతి నమూనాల్లోకి గాలి నుంచి, నీటి నుంచి, పాత్రల నుంచి సీసం వచ్చి చేరుతుండటంతో విసిగి, ఆయన అతి శుభ్రమైన ప్రయోగశాల కట్టుకున్నాడు. అలాంటి చోట కొలిస్తే గాని తెలియలేదు, లోకమంతా సీసంతో ఎంత మురికిపడిందో. ఇప్పటి మనుషుల్లో మామూలుగా కనిపించే సీసం, పారిశ్రామిక యుగానికి ముందు ఉండగల స్థాయి కంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1965లో ఆయన ప్రకటించాడు. అమెరికా 1996లో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలును పూర్తిగా నిషేధించింది. ప్రపంచంలో చివరగా ఆపిన దేశం అల్జీరియా, అది 2021లో.

రెండో ఉదాహరణ అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్. 1980లో ఏర్పడిన ఈ సంస్థకు ప్రభుత్వ పర్యావరణ సంస్థ, మోటారు వాహన పరిశ్రమ కలిసి నిధులిస్తాయి, ఏ పరిశోధన చేయాలో, ఏది ప్రచురించాలో మాత్రం వాటిలో ఏదీ శాసించలేదు. 1993లో హార్వర్డ్ పరిశోధకులు ఆరు నగరాల్లో 8,000 మందికి పైగా పెద్దలను ఏళ్ల తరబడి గమనించి, అత్యంత కలుషిత నగరంలో మరణాల రేటు అత్యంత శుభ్రమైన నగరం కంటే 26 శాతం ఎక్కువని ప్రచురించారు. దాని మీద కఠిన ప్రమాణాలు రాబోతున్నాయనగానే పరిశ్రమ, మూల సమాచారం బయటపెట్టమని పట్టుబట్టింది. పరిశోధకులు మాత్రం తాము వివరాలు గోప్యంగా ఉంచుతామని ఆ మనుషులకు మాటిచ్చామన్నారు. చివరికి సమాచారాన్ని ఈ సంస్థ ఏర్పాటు చేసిన స్వతంత్ర బృందానికి అప్పగించారు. ఆ బృందం మొదటి నుంచి లెక్కలు మళ్లీ వేసి 2000లో నివేదిక ఇచ్చింది, హార్వర్డ్ ఫలితాలు నిలబడ్డాయి. ఖర్చులో పరిశ్రమ వాటా ఉన్నందువల్లే ఆ నివేదికను పరిశ్రమ తేలిగ్గా కొట్టిపారేయలేకపోయింది.

ఇక ప్రాజెక్టు అధ్యయనాల సంగతి. ప్రాజెక్టు యజమాని తనకు నచ్చిన కన్సల్టెంటును పెట్టుకుని నేరుగా ఫీజు ఇచ్చే పద్ధతిలో, ప్రతికూల నివేదిక రాసిన కన్సల్టెంటుకు మళ్లీ పని దొరకదు. పరీక్ష రాసేవాడే దిద్దేవాడిని జీతానికి పెట్టుకున్నట్టు ఉంటుందది. ఖర్చు యజమానే పెట్టుకోవాలి, అందులో అన్యాయం లేదు. కానీ ఆ సొమ్ము ఒక నిధిలో జమ కావాలి, అధ్యయనం చేసేవారిని నియంత్రణ సంస్థ ఎంపిక చేయాలి, మూల కొలతలు నివేదికతో పాటే బయటకు రావాలి. ఈ ఒక్క మార్పు పది అవగాహన సదస్సుల కంటే ఎక్కువ పని చేస్తుందని మా నమ్మకం.

ప్రశ్న: హాని పూర్తిగా రుజువు కాకముందే ఆంక్షలు పెట్టడం అశాస్త్రీయం కాదా? – చిన్న పరిశ్రమ నడిపే పాఠకుడు

జవాబు: కాదు. తీవ్రమైన, లేదా మళ్లీ సరిదిద్దలేని నష్టం జరిగే ముప్పు ఉన్నప్పుడు, సంపూర్ణ శాస్త్రీయ నిశ్చయత లేదన్న కారణం చూపి, ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే చర్యలను వాయిదా వేయరాదని 1992లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో దేశాలు ఆమోదించిన రియో ప్రకటనలోని 15వ సూత్రం చెబుతుంది. ఇందులో మీలాంటివారు గమనించవలసిన షరతులు రెండున్నాయి. నష్టం తీవ్రమైనదో సరిదిద్దలేనిదో అయి ఉండాలి, చర్య ఖర్చుకు తగినదై ఉండాలి. ప్రతి అనుమానానికీ నిషేధం విధించమని ఈ సూత్రం అనదు. అలా వాడితే దాని పరువు పోతుంది, అసలైన ముప్పు వచ్చినప్పుడు ఎవరూ వినరు. ముందుజాగ్రత్తగా పెట్టిన ఆంక్షకు గడువు ఉండాలని, ఆ గడువులోగా అనుమానాన్ని తీర్చే పరిశోధనకు డబ్బు కేటాయించాలని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: శాస్త్రవేత్తలే పొరబడితే? వారిని నమ్మి చేసిన నిర్ణయం బెడిసికొడితే జవాబుదారీ ఎవరు? – విశ్రాంత ఉద్యోగి

జవాబు: పొరబడతారు. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి కరిగిపోవచ్చన్న మాట, ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు మండలి 2007 నివేదికలో చోటు చేసుకుంది. దానికి తగిన ఆధారం లేదని ఎత్తిచూపింది కూడా హిమానీనదాల మీద పనిచేసే శాస్త్రవేత్తలే. 2010 జనవరిలో మండలి తప్పు ఒప్పుకుంది, బయటి విజ్ఞాన అకాడమీలతో తన పద్ధతులను పరీక్షింపజేసుకుంది, పొరపాట్లను సరిదిద్దే నియమాలను రాసుకుంది. హిమానీనదాలు కరుగుతున్నాయన్న మూల విషయం మారలేదు, తేదీ తప్పు.

ఇంతకంటే లోతైన పొరపాటు కెనడా తూర్పు తీరంలో, న్యూఫౌండ్‌లాండ్ దగ్గర జరిగింది. అక్కడి కాడ్ చేపల నిల్వను ప్రభుత్వ శాస్త్రవేత్తలు రెండు ఆధారాలతో లెక్కగట్టేవారు: పరిశోధన నౌక చేసే సర్వే, పెద్ద ట్రాలర్లకు గంటకు ఎంత చేప పడుతోందన్న లెక్క. నిల్వ తగ్గుతున్నా మిగిలిన చేపలు గుంపులుగా ఒకచోట చేరడం వల్ల, ట్రాలర్ల పరికరాలు ఏటికేడు మెరుగవడం వల్ల రెండో లెక్క బాగానే కనిపిస్తూ వచ్చింది. అదే కాలంలో ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవల్లో వేటాడే జాలర్లు, చేప తగ్గుతోందనీ, పడుతున్నవి కూడా చిన్నవవుతున్నాయనీ చెబుతూనే ఉన్నారు. వినేవారు లేక, 1986లో తమ సంఘం తరఫున జీవశాస్త్రజ్ఞులతో సొంతంగా సమీక్ష రాయించుకున్నారు. శాస్త్రవేత్తలు తమ లెక్కను సరిదిద్దుకుని 1989కి 1,25,000 టన్నులకు మించి పట్టకూడదని సలహా ఇచ్చేసరికి, అంత కోత పెడితే ఉపాధి పోతుందన్న భయంతో ప్రభుత్వం 2,35,000 టన్నులకు అనుమతి ఇచ్చింది. 1992 జులై 2న వేట మొత్తాన్నే నిషేధించవలసి వచ్చింది, సుమారు 30,000 మంది పని కోల్పోయారు.

ఇందులో తప్పు ఎవరిదన్న మీ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పడం కష్టం. మొదట లెక్క తప్పింది, తర్వాత సరైన లెక్కను పక్కన పెట్టారు. జాలర్ల మాటను ‘శాస్త్రం కాదు’ అని కొట్టిపారేయడం శాస్త్రం పేరిట జరిగిన అశాస్త్రీయత, ఎందుకంటే ఏ లెక్కనైనా దానికి సంబంధం లేని ఇంకో కొలతతో సరిచూడటమే శాస్త్రంలో మొదటి పాఠం. మత్స్యశాఖ తన అంచనాలో అనిశ్చితి ఎంత ఉందో బయటివారికి చూపి ఉంటే ఈ సరిచూడటం ముందే జరిగేది. మంత్రి చేతికి ఒకే అంకె అందితే ఆయన దాన్ని బేరమాడతాడు. ‘ఇంత పడితే నిల్వ కుప్పకూలే అవకాశం ఇంత’ అని అందితే, ఆ ముప్పును ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టవలసి వస్తుంది. జవాబుదారీ అక్కడ మొదలవుతుంది. సలహాను తోసిపుచ్చే అధికారం మంత్రికి ఉండాలి, తోసిపుచ్చిన కారణాన్ని రాసి ప్రచురించే బాధ్యత కూడా ఉండాలి.

ప్రశ్న: నిర్ణయం అయిపోయాక శాస్త్రం పని కూడా అయిపోయినట్టేనా? మాలాంటివారు చేయగలిగేది ఏమైనా ఉందా? – డిగ్రీ విద్యార్థి

జవాబు: నిర్ణయం తర్వాతే కొలత ఎక్కువ అవసరం, బడ్జెట్ కోతలో ముందుగా పోయేదీ అదే. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ 1958లో మొదలుపెట్టిన బొగ్గుపులుసు వాయువు కొలతలు 1964లో కొన్ని నెలల పాటు నిధులు లేక ఆగిపోయాయి. వాతావరణ మార్పు గురించి లోకానికి తెలిసిన అతి ముఖ్యమైన గ్రాఫులో ఆ ఖాళీ ఇప్పటికీ కనిపిస్తుంది.

కొలత ఆగకపోతే ఏమవుతుందో ఓజోన్ కథలోనే చూడవచ్చు. 2010 నుంచి ప్రపంచమంతటా ఉత్పత్తి నిషేధంలో ఉన్న సీఎఫ్‌సీ-11 వాయువు (క్లోరోఫ్లోరోకార్బన్లలో ఒక రకం) గాలిలో తగ్గవలసినంత వేగంగా తగ్గడం లేదని, 2012 తర్వాత ఎక్కడో కొత్తగా విడుదలవుతోందని 2018లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. దక్షిణ కొరియాలోని గోసాన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల్లో గాలి ఎటు నుంచి వీచినప్పుడు ఆ వాయువు ఎక్కువగా ఉంటోందో చూసి, పెరుగుదలలో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తోందని 2019లో తేల్చారు. ఆ తర్వాత విడుదల తగ్గిపోయింది, దాన్నీ అవే కేంద్రాలు నమోదు చేశాయి. ఆ కేంద్రాలే లేకపోతే ఒప్పందం కాగితం మీద సక్రమంగా అమలవుతున్నట్టే ఉండేది.

మీరు చేయగలిగింది ఉంది. ఏదైనా ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, వ్యతిరేకమో అనుకూలమో చెప్పే ముందు నివేదికలో కొలతల పట్టిక తెరవండి. గాలిని, నీటిని ఏ నెలల్లో కొలిచారు, అన్ని రుతువుల్లోనూ కొలిచారా, కొలిచిన చోట్లు జనం ఉండే వైపు ఉన్నాయా లేక గాలి అటు వీచని వైపు ఉన్నాయా అన్నది చూడండి. జీవజాతుల జాబితాలో మీ చుట్టుపక్కల రోజూ కనిపించే పక్షి, మొక్క లేకపోతే అది అడగవలసిన ప్రశ్నే. అనుమతి వచ్చాక కొలతలు ఎవరు తీస్తారు, ఎంత కాలానికొకసారి ప్రచురిస్తారు, పరిమితి దాటితే ఎన్ని రోజుల్లో ఏం చేస్తారు అన్నవాటికి జవాబు మాటల్లో కాకుండా అనుమతి పత్రంలోని షరతులుగా రావాలని కోరండి. ఈ ప్రశ్నలను రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. సమావేశంలో నోటితో చెప్పినది నివేదికలోకి ఎక్కకుండా పోవచ్చు, రసీదు ఉన్న కాగితానికి జవాబు ఇవ్వకుండా దాటవేయడం అధికారులకు అంత తేలిక కాదు.